మీసం తీసిన సారు

మొన్న ఆదివారం పొద్దున మా నాయిన మీసం తీయించుకుని ఇంటికొచ్చాడు.

అమ్మ చేతిలో చాయ గ్లాసుతో గుమ్మంలోనే నిలబడిపోయింది. మా తాత, నానమ్మ పోయి చాలా ఏళ్లయింది. మావాళ్లలో కన్నవాళ్లు పోతే తప్ప మగవాడు మీసం మీద కత్తి పడనివ్వడు. మీసం లేని మనిషి వీధిలో కనపడ్డాడంటే ఆ ఇంట్లో పెద్ద దిక్కు పోయిందని లెక్క. పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు, కింద కిరాణాకొట్టాయన, అందరిదీ ఒకటే ప్రశ్న: "ఎవలు పోయిండ్రే?"

"డాక్టరమ్మ మొగుడు," అన్నాడు నాయిన. బతుకంతా మరమగ్గాల మీద, మావాళ్ల మాటలో సాంచాల మీద, పనిచేసిన గొంతు అది. వీధి చివరిదాకా వినపడింది.

"ఆయన నీకేమైతడు?" అన్నాడు కిరాణాకొట్టాయన.

నాయిన జవాబు చెప్పకుండా లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన చెప్పని జవాబు నేను రాస్తున్నాను.

ముందురోజు సాయంత్రం డాక్టరమ్మ నాకు ఫోన్ చేసింది. "సరితా, సారు పోయిండమ్మా," అని, వరంగల్ దిక్కు సొంతూరికి తీసుకుపోతున్నామని చెప్పింది. బండి అప్పటికే బయలుదేరింది. వెళ్లి కడసారి చూసే వీలు లేదు. నాయిన ఎదురుగా కూర్చుని, నిమ్మళంగా ఆ సంగతి చెప్పాను. ఆయన పొద్దున్నే లేచి మంగలి దగ్గరికి నడిచాడు.

సారుకు మంచి పేరే ఉంది. ఆధార్ కార్డు మీదా, ఎప్పుడో నాటకం చదువుకున్నందుకు ఇచ్చిన పట్టా మీదా ఉంది. కానీ సూరత్ పట్నంలో మా తెలుగు సాంచాలవాళ్లుండే గోడాదరాలో ఆయన్ని ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. భార్యకు సూరత్‌లో ఆస్పత్రి ఉద్యోగం వస్తే వెంట వచ్చిన మనిషి. కాబట్టి ఎదురుగా ఉంటే సారు, పక్కకు తిరిగితే డాక్టరమ్మ మొగుడు. ఆయనకు అందులో ఇసుమంత చిన్నతనం కూడా అనిపించేది కాదు. కొత్తవాళ్లెవరైనా "మీరేం చేస్తరు సార్?" అని అడిగితే, "డాక్టరమ్మకు మొగనిగ చేస్తున్న, పర్మనెంటు," అనేవాడు.

డాక్టరమ్మ మొగుడంటే సగం డాక్టరే కదా అని మావాళ్ల నమ్మకం. ఆయన మాకు నాటకం నేర్పడానికి రిహార్సల్‌కి వస్తుంటే మెట్ల మీదే పట్టుకునేవాళ్లు. నడుం పట్టేసినవాళ్లు, మోకాళ్లు అరిగినవాళ్లు, ఎక్స్‌రే కవర్లు చంకన పెట్టుకుని నిలబడేవాళ్లు. ఆయన కవరు తెరిచేవాడు కాదు. "జర నడువు పెద్దనాయినా. ఇప్పుడు కూసో. మల్ల లెవ్వు," అనేవాడు. ఆ పెద్దాయన ఇదే పరీక్ష కాబోలనుకుని భక్తిగా లేచి కూర్చునేవాడు. సారు మా వైపు తిరిగి, "చూసిండ్రా? లేసేముందు ఒక్క నిమిషం ఆగిండు. నొప్పి వస్తదని ఆయనకెర్క. నొప్పి వచ్చినంక అబ్బా అనుడు అందరు చేస్తరు. రాకముందు ఆగుడు చేయుండ్రి," అనేవాడు. మందుల కోసం తర్వాత భార్య దగ్గరికి పంపేవాడు. ఒకావిడ మాత్రం మందులు వాడకుండానే, సారు లేపి కూర్చోబెట్టినందుకే నడుము సర్దుకుందని కొబ్బరికాయ పట్టుకొచ్చింది. ఆ కొబ్బరికాయ చూసి డాక్టరమ్మ, "నా కాడికి వచ్చేటోళ్లు నా పేషెంట్లా, మీ యాక్టర్లా? ముందుగాల అది తేల్చుండ్రి," అని నవ్వింది.

రిహార్సళ్లు మా సమాజం వాడిలో జరిగేవి. వాడి అంటే ఇక్కడ పెళ్లిళ్లకీ పేరంటాలకీ కట్టుకున్న హాలు. కింద పెళ్లి జరుగుతుంటే పైన మేము నాటకం చేసేవాళ్లం. కింద బ్యాండు మొదలవగానే మేము గొంతు పెంచేవాళ్లం. సారు చెయ్యి అడ్డం పెట్టేవాడు. "బ్యాండోనితోని కొట్లాటకు పోకుండ్రి. వాడు గెలుస్తడు," అనేవాడు.

మాలో ఎవరికీ నాటకం రాదు. వస్తుందని మాత్రం అందరికీ గట్టి నమ్మకం. అందరికంటే గట్టి నమ్మకం రాజేశానిది. సాంచాల మీద పని, గుబురు మీసం, గంట కొట్టినట్టుండే గొంతు. చిన్నప్పుడు సిరిసిల్ల దిక్కు ఊళ్లలో పౌరాణికాలు చూసి పెరిగినవాడు. మొదటి రోజు సారు వాడికి చిన్న పని చెప్పాడు: షిఫ్టు చేసి ఇంటికొచ్చావు, అన్నం ఇంకా కాలేదు, నీ పెళ్లాంతో మాట్లాడు. రాజేశం రెండు చేతులూ చాపుకుని వచ్చాడు. "ఓసీ! అర్ధాంగీ! భోజనమింకను సిద్ధము కాలేదా?" అన్నాడు. కింద పెళ్లివాళ్లు పైకి చూశారట.

సారు నవ్వలేదు. "నిన్న నిజంగ అన్నం కాకుంటె ఏమన్నవ్?"

"ఏమంట సార్? ఇంక కాలేదా అన్న. ఆమె చెయ్యి ఖాలీ లేదన్నది. పోయి పండుకున్న."

"అదే చెయ్యి."

రాజేశం నిజంగా బాధపడ్డాడు. "ఇంట్ల మాట్లాడినట్టు మాట్లాడితె నాటకమెట్లయితది సార్?"

ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తుంది కానీ, ఆ రోజు మేమందరం రాజేశం పక్షమే. మా నోట్లో ఉండే తెలుగు మీద మాకు గౌరవం లేదు. సగం హిందీ, పావు గుజరాతీ, మిగిలింది మా అమ్మల యాస. అది బజారుకీ సాంచాలకీ పనికొచ్చే మాట. స్టేజీ ఎక్కాలంటే ఇస్త్రీ చేసిన తెలుగేదో కావాలని మా అందరి నమ్మకం. ఆ నమ్మకం పోగొట్టడానికి సారు పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు.

పాత నాటకాలు ఎంచుకుని ఉంటే ఆయన పని సులువయ్యేది. ఆయనకు అవి అక్కర్లేదు. "పాత నాటకానికి మనకంటె ముందటోళ్లు నడిచి తొవ్వ ఏసి పోయిండ్రు. ఏడ ఏడ్వాల్నో, ఏడ అరవాల్నో అందరికెర్క. కొత్త నాటకానికి తొవ్వ లేదు. మీరు నడిస్తెనే పడ్తది," అనేవాడు. రాసే మనిషి మనలోనే ఉండాలి, గదిలో మన పక్కనే కూర్చోవాలి అనేవాడు. అలా దొరికిందే లావణ్య. ఇంట్లో కూర్చుని చీరలకు లేసులు కుట్టే పిల్ల. గుజరాతీ మీడియంలో చదువుకుంది. నాటకం రాసుకొచ్చి సారు చేతిలో పెట్టింది. ఆయన అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఒక్క అక్షరం తెలియలేదు.

"ఇది తెలుగేనా బిడ్డా?"

"తెలుగే సార్. నాకు తెలుగు బోల్నా వస్తది, లిఖ్నా రాదు. అందుకని గుజరాతీ అక్షరాలల్ల రాసిన."

తెలుగు నాటకం గుజరాతీ లిపిలో! ఇంకొకరైతే తలపట్టుకునేవారు. సారు ఆ కాగితాలను పసిపాపను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. మమ్మల్ని చదవమని విన్నాడు. తర్వాత పాల ప్యాకెట్ల మీదా బస్సు బోర్డుల మీదా కూడబలుక్కుంటూ గుజరాతీ అక్షరాలు నేర్చుకున్నాడు. "ఆ పిల్ల మాట ఆ పిల్ల రాతలనే చదవాలె," అనేవాడు. ఆ రాతలో ఇస్త్రీ తెలుగు రాయడానికి వీల్లేదు. నోట్లో ఉన్నది ఉన్నట్టు పడుతుంది. లావణ్యకు తెలుగు రాయడం రాకపోవడమే మా అదృష్టమని ఆయన అందరితో చెప్పుకునేవాడు.

కొత్త నాటకానికి ఆయన పెట్టిన రూలు ఒకటుంది. రాసినామెకు సలహా చెప్పకూడదు, ప్రశ్న అడగాలి. "ఈడ ఇట్ల అంటె బాగుంటది" అన్నవాణ్ని చాయ తెమ్మని కిందికి పంపేవాడు. "ఈమె ఈడ ఇట్లెందుకన్నది?" అని అడిగినవాడికి తన చాయ ఇచ్చేవాడు. రాజేశం మొదట్లో వారం వారం మెట్లు దిగి ఎక్కేవాడు. లావణ్యేమో అడిగిన ప్రతిదానికీ గోళ్లు కొరుక్కుని, "గట్ల అంటరు కదా సార్ ఇండ్లల్ల," అనేది. ఆ జవాబుతో సారు ముఖం వెలిగిపోయేది.

లావణ్య నాటకం పేరు "గంతే". అంతే అనే మాటకు మా నోట్లో పలుకుబడి అది. గోడాదరాలో సాంచాల మనిషి ఉన్న ఏ ఇంటికి వెళ్లినా ఈ మాట వినిపిస్తుంది. మగ్గాల చప్పుడులో పనిచేసి చేసి మావాళ్లకు చెవులు పోతాయి. ఒక్కసారి పోవు. మెల్లగా, ఎవరికీ చెప్పకుండా పోతాయి. వినపడటం లేదని ఒప్పుకుంటే ముసలివాడివైపోయావంటారు. అందుకని ఎవరేమన్నా తల ఊపి "గంతే గంతే" అంటారు. చాలాసార్లు అది సరిపోతుంది కూడా. లావణ్య నాటకంలో ఒక కూతురు పొద్దుటి నుంచి తండ్రితో ఒక సంగతి చెప్పాలని తిరుగుతుంటుంది. ఆయన ప్రతిదానికీ గంతే అంటాడు. చివరికి ఆమె ఆయన ముందు నిలబడి అంటుంది:

"వినవడకుంటె వినవడలేదని చెప్పు నాయినా. మల్ల చెప్పుమను. నూరుసార్లయినా చెప్త. గంతే అని నన్ను పంపియ్యకు."

కూతురి వేషం నాది. ఆ మాట రాసింది లావణ్యే కానీ, ఊహ తెలిసినప్పటి నుంచి నేను నోట్లో పెట్టుకుని తిరుగుతున్నది. పది పాసైనప్పుడు గంతే. రింగ్ రోడ్డు చీరల మార్కెట్లో ఉద్యోగం వచ్చినప్పుడు గంతే. నాకు ఆ నాటకం స్టేజీ కోసం అక్కర్లేదు. మా నాయిన ముందు వరుసలో కూర్చుని ఆ ఒక్క మాట వినాలి. నా ఆశంతా అదే.

నేనూ సారు దగ్గర గంతే సార్, గంతే సార్ అంటూనే ఉన్నాను. అందరం అనేవాళ్లం. అర్థం కాకపోయినా పెద్దవాళ్ల ముందు తల ఊపడం మాకు పాలతో వచ్చిన అలవాటు. నాటకంలో తప్ప హాల్లో ఆ మాట వినపడకూడదని సారు ఓ రోజు ఖరాఖండిగా చెప్పేశాడు. "సమజ్ కాకుంటె మల్ల చెప్పు అనుండ్రి. నేను కూడ అంట," అన్నాడు. ఇంకేముంది, ఆ రోజు నుంచి ఆయన అదే పని. మేము ఒక మాట అంటాం. ఆయన కళ్లు మూసుకుని, "మల్ల చెప్పు," అంటాడు. మళ్లీ చెబుతాం. "మల్ల చెప్పు." కోపం ఉండదు, విసుగు ఉండదు. నిజంగా ఆ మాట ఇంకోసారి వినాలని ఉన్నట్టు అడిగేవాడు. ఏ పదోసారికో మాలో నటన అలసిపోయేది. అప్పుడు కళ్లు తెరిచేవాడు.

నన్ను మానకుండా రిహార్సళ్లకి పంపమని అడగటానికి ఆయన ఒకసారి మా ఇంటికొచ్చాడు. అప్పటికి ఆయనకు పొదలాంటి మీసం. పై పెదవి ఉందో లేదో భార్యకే తెలియాలి. నాయిన కుర్చీలో, ఈయన మంచం మీద. అమ్మ చాయ పెడుతోంది.

"మీ బిడ్డ మంచిగ చేస్తది," అన్నాడు సారు.

"గంతే గంతే," అన్నాడు నాయిన.

"ఐతారం ఐతారం పంపియ్యాలె. ఒక్కోపాలి పొద్దువోతది."

"గంతే."

సారు నాయిన ముఖంలోకి కాస్త చూశాడు. గొంతు మార్చకుండా, "మీ ఇంటి మీద ఏనుగు కూసున్నది," అన్నాడు.

"గంతే గంతే."

వంటింట్లోంచి అమ్మ కిసుక్కున నవ్వింది. నాకు నవ్వు రాలేదు, సిగ్గేసింది. సారు మాత్రం నవ్వలేదు. లేచి, మంచం వదిలి, కిటికీ వెలుతురు తన ముఖాన పడేటట్టు నాయిన ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. రెండు వేళ్లతో మీసాన్ని పైకి ఎత్తి పట్టుకున్నాడు. తర్వాత గొంతు లేకుండా పెదాలు కదిపాడు.

నాయిన కళ్లు చిన్నవయ్యాయి. ముందుకు వంగాడు.

"సిరిసిల్ల పక్కన పల్లె సార్," అన్నాడు. "మా నాయినతోని వచ్చిన. అప్పుడు నాకు మీసాలు గూడ రాలె."

సారు మళ్లీ పెదాలు కదిపాడు. నాయిన ఈసారి పడీపడీ నవ్వాడు. "అట్ల ఊకుంటదా సార్ మా ఆమె? నాటకం గీటకం ఒద్దన్నది. నేనే పోనియ్ అన్న. బిడ్డకు శౌకున్నది."

అమ్మ గరిటె పట్టుకుని వచ్చి చూసింది. సాంచాల నడుమ చప్పుడులో మావాళ్లు పెదాలు చూసుకుని మాట్లాడుకుంటారని నాకు తెలుసు, కార్ఖానాకు అన్నం తీసుకుపోయినప్పుడు చూశాను కూడా. అది కార్ఖానా విద్య అనుకున్నాను కానీ, ఇంటికి కూడా వస్తుందని ఎవరికీ తట్టలేదు. అమ్మ వంటింట్లోంచి కేక వేసేది. నేను వీపు వెనక నుంచి అరిచేదాన్ని. ఆయన గంతే అనేవాడు. నాటకం విషయంలో అమ్మ వద్దంటే ఆయన నా తరఫున మాట్లాడాడన్న సంగతి కూడా నాకు ఆ పూటే తెలిసింది.

మెట్లు దిగుతూ సారు నన్ను అడిగాడు. "చెవిటోని ముందర శంఖమూదితె ఏమన్నడంట?"

"దాన్ని కొరుకుడు నీ తాత తరమా అన్నడంట సార్."

"మరి వాడు మంచిగనే చూసిండు కద? చూసింది చెప్పిండు. తప్పు చెవిటోనిది కాదు. శంఖం మూతికి అడ్డం పెట్టుకున్నోనిది." అని తన మీసం తడుముకున్నాడు.

మర్నాడు హాలుకి నున్నటి మూతితో వచ్చాడు. మొదట ఎవరమూ గుర్తుపట్టలేదు. తర్వాత రాజేశం చెప్పులు విడిచి, తల వంచుకుని దగ్గరికెళ్లి, "ఎప్పుడు పోయిండ్రు సార్ పెద్దాయన?" అన్నాడు. సారు తండ్రి అక్కడ సొంతూళ్లో దుక్కలా ఉన్నాడు. ఈయన ఎవరూ పోలేదని ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. బాధ దాచుకుంటున్నాడనుకున్నారు. సాయంత్రానికి వీధిలో ఆడవాళ్లు డాక్టరమ్మను పలకరించడానికి బయలుదేరారు. ఆమె ఆస్పత్రి నుంచి అలిసి వచ్చి తలుపు తీస్తే ఎదురుగా ఏడుపు ముఖాలు. "మా మామకు ఫోన్ చేసిస్త, మీరే మాట్లాడుండ్రి," అని ఆమె ఫోన్ కలిపి ఇచ్చిందట. ముసలాయన అవతలి నుంచి, "మంచిగున్ననమ్మా, మీరెవలు?" అన్నాడట.

అసలు గొడవ తర్వాత మొదలైంది. మగవాళ్లందరూ మీసాలు తీయాలన్నాడు సారు. మా నాటకం చూసేది సాంచాలవాళ్లు, వాళ్లు కళ్లతో వింటారు, కాబట్టి పెదవి కనపడాలి. రాజేశం నాటకంలో తండ్రి వేషం వేసేవాడు. "మా నాయిన బతికున్నడు సార్. మీసం తీస్తె ఆయన పానం తీసినట్టే," అన్నాడు. సారు బలవంతం చెయ్యలేదు. వాళ్ల నాయిన దగ్గరికే వెళ్లి, ఎదురుగా కూర్చుని, పెదాలతో అడిగాడు. ఆ ముసలాయన కొడుకు వైపు తిరిగి, "తియ్యిరా. ఇన్నేండ్లల్ల నువ్వేమంటున్నవో నాకొక్కపాలి సమజ్ కాలె," అన్నాడు. రాజేశం మీసం ఆ పూటే పోయింది.

తర్వాత మా శిక్షణంతా ఇదే దారిలో నడిచింది. సారు మమ్మల్ని డుమస్ తీసుకుపోయేవాడు. టమాటా భజియా తినిపించి, నల్ల ఇసుకలో దూరందూరంగా నిలబెట్టేవాడు. సముద్రపు గాలికి మాట వినపడదు. అరవకూడదు. ఎదుటివాడికి అందాలి. చెయ్యి పైకెత్తి అందిందని చెప్పేదాకా మళ్లీ చెప్పాలి. మేము తల వంచితే తన చూపుడువేలు గదువ కింద పెట్టుకుని పైకి ఎత్తి చూపేవాడు. గదువ ఎత్తు, ముఖం దాచుకోకు అని దాని అర్థం. ఆ వేలు నాకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

నాటకం రోజు వాడి నిండిపోయింది. ముందు వరుసలో నాయిన, ఇస్త్రీ చొక్కాతో. సారు ట్యూబులైట్లన్నీ మా ముఖాల మీదకు తిప్పించాడు. రాజేశం ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాడు. జనం తమ నోళ్లలో మాట స్టేజీ మీద విని మొదట ఉలిక్కిపడ్డారు, తర్వాత పొట్టచెక్కలయ్యేటట్టు నవ్వారు. ఒక్కో గంతేకు ఆడవాళ్లు పక్కనున్న మొగుళ్లను మోచేత్తో పొడిచారు. చివరి ఘట్టం వచ్చింది. నేను రాజేశం ముందు నిలబడి, కంటి చివర నాయిన్ని చూస్తూ, "వినవడకుంటె," అన్నాను. అంతే, నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నిజం ఏడుపు. తల వంగిపోయింది. జుట్టు ముఖం మీద పడింది. వెక్కుతూనే మిగిలిన మాటంతా చెప్పాను. హాలంతా చప్పట్లు. ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. నా జన్మ ధన్యమైందనుకున్నాను.

కిందికి దిగి నాయిన ముందు నిలబడి, "ఎట్లున్నది నాయినా?" అన్నాను.

"గంతే గంతే," అన్నాడు. "మంచిగున్నది బిడ్డా."

ఆయనకు ఆ మాట అందలేదు.

అందరూ వెళ్లాక సారు కుర్చీలు మడుస్తున్నాడు. నా వైపు చూడకుండానే, "మంచిగ ఏడ్చినవ్," అన్నాడు. "మీ నాయినకు ఏం చెప్పినవ్?"

నాకు ఒళ్లు మండింది. "చప్పట్లు ఇన్నరా సార్? అంతమంది ఏడ్చిండ్రు!"

"ఇన్న. నాకు చెవులున్నయి కద."

నేను చెప్పులు వేసుకుని వెళ్లిపోయాను. మెట్ల మీద వెనక నుంచి ఆయన గొంతు వినపడింది. "ఏడుపు నీది సరితా. మాట వాళ్లది. నీది నువ్వు ఉంచుకొని వాళ్లది వాళ్లకియ్యాలె."

అంత కఠినంగా చెప్పక్కర్లేదని ఇప్పటికీ అంటాను. మా మెహనతు చూసి ఆ పూటకి మెచ్చుకుంటే ఆయన సొమ్మేం పోయేది? కానీ ఆ మాట పట్టుకునే నేను ఈ రోజు పదిమందికి ఆదివారాలు నాటకం నేర్పుతున్నాను, అదీ నిజమే.

ఆ నాటకం మళ్లీ ఆడదామనుకుంటూనే ఉన్నాం. ఇంతలో డాక్టరమ్మకు బార్డోలీలో ఉద్యోగం వచ్చింది. సారు కొన్నాళ్లు ఆదివారాలు బస్సులో వచ్చేవాడు, చెరుకు ముక్కలు కవర్లో వేసుకుని. తర్వాత గొంతు బొంగురుపోయిందన్నాడు. తర్వాత రావడం మానేశాడు. గొంతులో పాడు జబ్బు అని, ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారని డాక్టరమ్మ చెప్పింది. చూడటానికి వస్తామంటే, ఎవరినీ కలవనంటున్నాడంది. మా అందరికీ గొంతు నేర్పిన మనిషి గొంతు లేకుండా మా ముందు కూర్చోవడం ఇష్టపడలేదేమో. నేను అడగలేకపోయాను.

నాయినే బయలుదేరదీశాడు. "ఆయన కలవనంటె కలవనియ్యకుంటడా? నడువు," అన్నాడు. సర్కారు ఎస్టీ బస్సెక్కి బార్డోలీ వెళ్లాం. బస్సు ఊళ్లోకి వస్తుంటే చక్కెర మిల్లు వాసన.

డాక్టరమ్మ తలుపు తీసింది. బాగా చిక్కిపోయింది. లోపల సారు మెడకు తెల్లగుడ్డ కట్టుకుని, కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు. పక్కన పలక, బలపం. ఎవరో బంధువు వచ్చి ఉన్నాడు. ఆయన సారు చెవిలో, "మంచిగయితది! ధైర్యముండాలె!" అని కేకలు పెడుతున్నాడు. గొంతు పోయినవాడికి చెవులు కూడా పోయినట్టే అరుస్తారు జనం, ఇదొక వింత. సారు మమ్మల్ని చూసి ముఖం తిప్పుకున్నాడు. పలక అందుకోబోయాడు.

నాయిన ఆ పలక తీసి పక్కన పెట్టాడు. సారు కూర్చున్న కుర్చీని రెండు పక్కలా పట్టుకుని, సాంచా మీద బట్ట తిప్పినంత సులువుగా, కిటికీ వైపు తిప్పాడు. వెలుతురు ఆయన ముఖాన పడింది. తను ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పు సార్," అన్నాడు.

సారు ఒకసారి పలక వైపు చూశాడు. తర్వాత పెదాలు కదిలాయి.

"ఏడ తగ్గింది సార్ నా నడుంనొప్పి? షిఫ్టు మానేసినంక ఇంకింత ఎక్కువైంది," అన్నాడు నాయిన. పెదాలు కదిలాయి. "ఆఁ, రాజేశం మల్ల మీసం పెంచిండు. వాళ్ల నాయిన రోజు తిడ్తుండు." పెదాలు గబగబా కదిలాయి. సారు భుజాలు ఊగుతున్నాయి. చప్పుడు లేదు కానీ అది నవ్వే. బంధువు అరవడం మానేసి చూస్తూ కూర్చున్నాడు. వంటింటి గుమ్మంలో డాక్టరమ్మ గోడకానుకుని నిలబడింది. "ఆపరేషన్ అయినకాంచి ఇంతసేపు ఎవ్వరితోని మాట్లాడలేదు సరితా. నాతోని కూడ," అంది. ఆమె కళ్ల నిండా నీళ్లు.

వాళ్లిద్దరూ అట్లా చాలాసేపు మాట్లాడుకున్నారు. చాయలు చల్లారిపోయాయి. అప్పుడు సారు నా వైపు చెయ్యి ఊపి రమ్మన్నాడు. నాయిన పక్కన కూర్చోమన్నట్టు నేల చూపించాడు. పెదాలు మెల్లగా కదిపాడు, నాకు నాయినంత వేగంగా చదవడం రాదని తెలిసి.

"ఆ మాట బాకీ ఉన్నది."

ఏ మాట అని అడగలేదు. నాయిన ముఖం వైపు తిరిగాను. తల వంగబోయింది. కంటి చివర సారు చూపుడువేలు గదువ కిందికి వెళ్లడం కనిపించింది. వేలు పైకి లేచింది. నేను గదువ ఎత్తాను. కళ్లలో నీళ్లుంటే ఉండనీ, పెదవి కనపడాలి.

"వినవడకుంటె వినవడలేదని చెప్పు నాయినా," అన్నాను. "మల్ల చెప్పుమను. నూరుసార్లయినా చెప్త. గంతే అని నన్ను పంపియ్యకు."

నాయిన నా మూతి వైపే చూస్తున్నాడు. మీసం కింద ఆయన పెదాలు కూడా నా మాటల వెంట కదిలాయి. తల కదలబోయింది. అది ఊగుతుందని, గంతే అంటాడని నేను కాచుకుని ఉన్నాను. బతుకంతా ఉన్న అలవాటు ఒక్క పూటలో ఎక్కడికి పోతుంది?

తల ఊగలేదు.

"మల్ల చెప్పు బిడ్డా," అన్నాడు నాయిన.